తప్పెవరిదో తేలేదాకా బిడ్డ ఎదగకుండా ఆగదు

కాన్పులో తల్లో బిడ్డో చనిపోతే మా వైపు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. బంధువులంతా వచ్చి ఆసుపత్రి గేటు ముందు కూర్చుంటారు. పోలీసులు వస్తారు. సాయంత్రానికి పెద్దమనుషులు లోపలికి వెళ్తారు. రాత్రికి ఒక అంకె తేలుతుంది. ఇకమీదట ఏ కేసూ పెట్టబోమని బాండు పేపరు మీద రాయించుకుని సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. ఈ పద్ధతి మంచిదని నేను అనను. డాక్టర్ల మీద చేయి చేసుకోవడాన్ని, అద్దాలు పగలగొట్టడాన్ని ఏనాడూ సమర్థించను. కానీ చనిపోయిన బిడ్డ కోసమైనా నలుగురు పోగవుతారు. దెబ్బతిని బతికిన బిడ్డ కోసం ఎవరూ రారు. దెబ్బ తగిలిందన్న సంగతే ఆ రోజు ఎవరికీ తెలియదు మరి.

నేను ఒంగోలులో పిల్లలకు ఫిజియోథెరపీ చేస్తాను. పొదిలి, దర్శి, చీమకుర్తి, కందుకూరు వైపు పల్లెల నుంచి తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పొద్దున్నే బస్సుల్లో వస్తారు. వాళ్లు చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. ‘పుట్టగానే ఏడవలేదు మేడం.’ ‘ఉమ్మనీరు తాగేశాడన్నారు.’ ‘పది రోజులు బాక్సులో పెట్టారు.’ ‘పచ్చకామెర్లు బాగా ముదిరాయన్నారు, లైటు కింద ఆలస్యంగా పెట్టారంట.’ ఇంటికి పంపేటప్పుడు మాత్రం అంతా బాగుందనే చెప్పి ఉంటారు. మూడు నాలుగు నెలలైనా మెడ నిలబడదు. ఇంట్లో పెద్దవాళ్లు, ‘వాళ్ల మేనమామ కూడా ఆలస్యంగానే నడిచాడు, కంగారు పడకండి’ అంటారు. తొమ్మిదో నెలకు కూర్చోడు. పిడికిళ్లు బిగుసుకునే ఉంటాయి. ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా మెలిపడతాయి. ఫిట్స్ మొదలవుతాయి. అప్పుడు గుంటూరో విజయవాడో తీసుకెళ్లి ఎమ్మారై తీయిస్తారు. అక్కడి డాక్టరు ఫిల్ము చూసి మొదట అడిగే ప్రశ్న ఒకటే: ‘పుట్టగానే ఏడ్చాడా?’

ఆ ప్రశ్న విన్నాకే తల్లిదండ్రులకు కాన్పు రోజు జరిగినదంతా కొత్తగా గుర్తుకొస్తుంది. నొప్పుల కోసం సూది వేసి వెళ్లినవాళ్లు ఎంతసేపటికి తిరిగొచ్చారు, బిడ్డ గుండె చప్పుడు ఎన్నిసార్లు చూశారు, ఆపరేషన్ చేయాలని ఎప్పుడనుకున్నారు, ఎప్పుడు చేశారు. వీటికి జవాబులు ఆసుపత్రిలోని కేస్ షీటులో ఉండాలి. తల్లి చేతిలో ఉండేది మూడు నాలుగు లైన్ల డిశ్చార్జి కాగితం. ఇన్‌పేషెంటు రికార్డుల్ని చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు దాచాలని మెడికల్ కౌన్సిల్ 2002లో చేసిన నియమావళి చెబుతోంది. అడిగిన 72 గంటల్లో వాటిని ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు 2 ఏళ్లు. ఆ తర్వాత వెళ్తే ఆలస్యానికి కారణం చెప్పి ఒప్పించుకోవాలి. మెడ నిలబడలేదని అనుమానం రావడం, డాక్టర్ల చుట్టూ తిరగడం, సెరిబ్రల్ పాల్సీ అని పేరు తెలియడం, అది ఎందుకొచ్చిందో అర్థం కావడం, ఇదంతా అయ్యేసరికి పల్లెటూరి కుటుంబానికి ఎంత కాలం పడుతుందో నా దగ్గరికి వచ్చే పిల్లల వయసు చూస్తే తెలుస్తుంది. కాగితం నిలవ ఉండే కాలం బిడ్డ దెబ్బ బయటపడే కాలానికి సరిపోవడం లేదు.

తొమ్మిదేళ్ల బాబొకడు ఇప్పటికీ నా దగ్గరికి వస్తున్నాడు. పేరు రాయను. నాన్న గ్రానైటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అమ్మ పెళ్లికి ముందు నుంచీ పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లేది, వీడు పుట్టాక మానేసింది. వాడికి తినిపించాలి, ముద్ద గొంతులో పడకుండా చూడాలి, రాత్రి పక్క మార్చి పడుకోబెట్టాలి. ఇంకొకరికి అప్పగించి పనికి వెళ్లే వీలు లేదు. వాడి మడమలు పైకి లేచిపోకుండా స్ప్లింట్లు వేస్తాం. జత ఏడెనిమిది వేలవుతుంది. పాదం పెరుగుతుంది కదా, ఏడాది తిరిగేసరికి అవి పట్టవు, మళ్లీ కొలతలు ఇచ్చి కొత్తవి చేయించాలి. ఫిట్స్ మందులు, డైపర్లు, వీల్‌చైర్, తుంటి జారితే ఆపరేషన్. చిన్నప్పుడు చంకలో వచ్చినవాణ్ని ఇప్పుడు అమ్మ భుజాన వేసుకుని బస్సెక్కుతోంది. ఆమెకు నడుము నొప్పి వచ్చింది. రేపు ఆమె ఎత్తలేని రోజు వస్తుంది. నష్టపరిహారం గురించి ఆలోచించేటప్పుడు నాకు గుర్తొచ్చే లెక్క ఇది.

సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్ వచ్చాక పింఛను వస్తుంది. ఆంధ్రలో నెలకు 6 వేలు, తెలంగాణలో 4,016 రూపాయలు. ఆ డబ్బు చాలా ఇళ్లలో అన్నం పెడుతోంది, తక్కువ చేసి మాట్లాడను. అయితే పింఛను వైకల్యానికి ఇచ్చే ఆసరా. వైద్యం చేతిలో జరిగిన నష్టానికి బాకీ వేరే ఉంది. ఆ బాకీ వసూలు చేసుకోవాలంటే మన దేశంలో ఇప్పుడున్న దారి కోర్టుదే.

ఆ దారిన వెళ్లి గెలిచినవాళ్లు ఉన్నారు. 1993 డిసెంబరులో ఢిల్లీలోని స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రిలో జ్వరంతో చేరిన చిన్న బాబుకి నర్సు ఒక ఇంజెక్షన్‌కు బదులు మరొకటి ఇచ్చింది. బాబు మెదడు దెబ్బతింది. జాతీయ వినియోగదారుల కమిషన్ బాబుకి 12.5 లక్షలు, తల్లిదండ్రుల వేదనకు 5 లక్షలు ఇవ్వమంది. 1998లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేస్తూ, బిడ్డతో పాటు బిడ్డను ఆసుపత్రికి తెచ్చిన తల్లిదండ్రులూ వినియోగదారులేనని తేల్చింది. పిల్లల కేసులు వేసేవారికి ఆ తీర్పు గట్టి పునాది.

చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ ఆసుపత్రి కేసు నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. 1996 ఆగస్టులో 29వ వారంలోనే పుట్టిన పాప అది. బరువు 1,250 గ్రాములు. ఇంక్యుబేటరులో ఉంచి బతికించారు. అంత నెల తక్కువగా పుట్టిన పిల్లలకు కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోయే ప్రమాదం ఉంది. వేళకు పరీక్ష చేస్తే లేజరుతో చాలావరకు ఆపవచ్చు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల చివరి నుంచే పసిపిల్లల వార్డులకు వెళ్లి ఈ పరీక్షలు చేస్తోంది. పుట్టిన 30 రోజుల్లోపు చూడాలని ఆ డాక్టర్లు చెప్పని సభ లేదు. ఎగ్మూరు పాపకు ఎవరూ ఆ పరీక్ష చేయలేదు, చేయించుకోమని తల్లిదండ్రులకు చెప్పనూ లేదు. కుటుంబానికి తెలిసేసరికి చూపు పోయింది. జాతీయ కమిషన్ 5 లక్షలు ఇచ్చింది. 2015 జులైలో సుప్రీంకోర్టు ముందు ముందు అయ్యే వైద్య ఖర్చులకు 1.38 కోట్లు, అప్పటిదాకా అయిన ఖర్చులకు మరో 42 లక్షలకు పైగా ఇవ్వమని ఆదేశించింది. ధరలు పెరుగుతాయి కాబట్టి ఈనాటి రూపాయితో రేపటి ఖర్చును కొలవకూడదని ఆ తీర్పు వివరంగా చెప్పింది. గొప్ప తీర్పే. అది వచ్చేనాటికి ఆ పాపకు పద్దెనిమిదేళ్లు నిండాయి.

బాల్యమంతా గడిచిపోయాక వచ్చే డబ్బు బాల్యంలో చేయాల్సిన పని చేయలేదు. నా వృత్తిలో ఇది మొదటి పాఠం. మెదడు దెబ్బతిన్న బిడ్డకు మొదటి రెండు మూడేళ్లలో చేసే థెరపీకి, పదేళ్లు దాటాక చేసేదానికి పోలికే లేదు. కండరాలు బిగుసుకుపోయాక, కీళ్లు వంగిపోయాక కోటి రూపాయలు తెచ్చి పోసినా వాటిని వెనక్కి తేలేం. డబ్బు అందాల్సింది ఆ తొలి ఏళ్లలో. మన న్యాయం సరిగ్గా ఆ ఏళ్లనే వాయిదాలకు ఖర్చు పెడుతోంది. వినియోగదారుల చట్టంలో ఫిర్యాదును 3 నెలల్లో తేల్చాలని రాసుంది. ఆ గడువులో తేలిన వైద్య కేసు నాకు తెలిసినవాళ్లలో ఎవరికీ లేదు.

మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి కేసు చాలామంది మరిచిపోయి ఉంటారు. 1990లో ఛాతీలోని గడ్డకు ఆపరేషన్ చేయించుకున్న ఇరవయ్యేళ్ల ఇంజినీరింగు విద్యార్థికి నడుము కింది భాగమంతా చచ్చుబడింది. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. అక్కడ చక్రాల కుర్చీలోంచే ఆయన తన కేసు తానే వాదించుకున్నారు. అంత చదువు, అంత తెగువ ఉన్న మనిషికి పందొమ్మిదేళ్లు పట్టింది. మాట రాని, తల నిలబెట్టలేని బిడ్డ తరఫున పొగాకు కూలికెళ్లే తల్లి ఎన్నేళ్లు వాదించాలి?

పైగా ఆమె ఏ గడప తొక్కాలో కూడా కాన్పు ఎక్కడ జరిగిందన్న దాన్ని బట్టి మారిపోతుంది. 1995లో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చినప్పుడు, అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రుల్ని దాని బయట ఉంచింది. డబ్బు కట్టి కాన్పు చేయించుకున్న ఇల్లు కమిషన్‌కు వెళ్లొచ్చు. కట్టలేక పెద్దాసుపత్రికి వెళ్లిన ఇల్లు సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి. పేదవాడి బిడ్డకే పెద్ద మెట్లు. ఇది నాకు అస్సలు మింగుడు పడదు.

నష్టాన్ని లెక్కగట్టే తీరులో కొంత మార్పు వచ్చింది. దాన్ని తెచ్చిన వాటిలో రోడ్డు ప్రమాదాల కేసులు ముఖ్యమైనవి. మోటారు వాహనాల చట్టంలో 1994లో చేర్చిన పట్టిక సంపాదన లేని మనిషి ఊహా ఆదాయాన్ని ఏడాదికి 15 వేలుగా పెట్టింది. చాలా ఏళ్ల పాటు పసిబిడ్డ జీవితాన్ని కూడా ఆ అంకెతోనే గుణించారు. 2020లో సుప్రీంకోర్టు హరియాణాకు చెందిన ఒక బాలిక కేసులో ఆ తీరును పక్కనపెట్టింది. పన్నెండేళ్ల వయసులో ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న ఆ అమ్మాయికి నైపుణ్యమున్న కార్మికుడి కనీస వేతనాన్ని లెక్కలోకి తీసుకుంది. ఆమెను చూసుకునేందుకు ఇద్దరు మనుషుల జీతాన్నీ కలిపి, మొత్తం 62.27 లక్షలు ఇప్పించింది. కనిపెట్టుకుని ఉండే మనిషి శ్రమకు వెల ఉందని కోర్టు ఒప్పుకోవడం నాకు పెద్ద విషయం. మా బాబు తల్లి మానేసిన గ్రేడింగ్ కూలి కూడా నష్టమేనని ఆ లెక్క చెబుతోంది.

ఇంత చెప్పాక నేను తప్పించుకోలేని ప్రశ్న ఒకటుంది. తల్లులు నన్ను నిలదీసి అడుగుతారు: ‘ఆ డాక్టరమ్మ తప్పేనా మేడం?’ చాలాసార్లు నాకు తెలియదు. నాకే కాదు, నాకంటే ఎంతో చదివిన నరాల డాక్టర్లకీ ఖాయంగా తెలియదు. సెరిబ్రల్ పాల్సీ అంతా కాన్పు గదిలోనే పుట్టదు. కడుపులో ఉండగా సోకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు, మరీ నెల తక్కువ కావడం కావచ్చు, పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు. అన్నీ సరిగ్గా చేసిన డాక్టరు చేతిలోనూ బిడ్డ దెబ్బతినొచ్చు. ఆరోపణ వచ్చిన ప్రతి డాక్టరునూ అరెస్టు చేయకూడదని, ముందు వేరే నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది సరైన మాటే.

అయితే ఆ అనిశ్చితి బరువునంతా బిడ్డ మీద పెట్టడం ఏం న్యాయం? తప్పు రుజువైతే కోటి, కాకపోతే సున్నా. ఇద్దరు పిల్లలకూ అవే కాళ్లు, అవే ఫిట్స్, అవే స్ప్లింట్లు. ఒకరి ఆసుపత్రి రికార్డు దొరికింది, ఇంకొకరిది దొరకలేదు. అందుకే నేను అడిగేది ఒకటే. కాన్పులో, పసితనపు వైద్యంలో తీవ్రంగా దెబ్బతిన్న బిడ్డకు ఎవరి తప్పో రుజువు చేయమనకుండానే డబ్బు అందే ఏర్పాటు చేయండి. తప్పెవరిదన్న విచారణ పక్కన విడిగా నడవనివ్వండి, ఎన్నాళ్లయినా పట్టనివ్వండి.

ఇది కొత్త ఊహేం కాదు. రోడ్డు మీద బండి గుద్ది ఒకరు తీవ్రంగా గాయపడితే, డ్రైవరు తప్పు రుజువు చేయకుండానే రెండున్నర లక్షలు కోరే వీలు మోటారు వాహనాల చట్టం 164వ సెక్షనులో ఉంది. కొత్త మందుల ప్రయోగాల్లో దెబ్బతిన్నవారికి పరిహారం ఇవ్వాలని 2013లో నిబంధనలు వచ్చాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ విఫలమైనా, దానివల్ల ప్రాణం పోయినా ప్రభుత్వమే పరిహారమిచ్చే పథకం 2005 నుంచి నడుస్తోంది. అది కూడా సుప్రీంకోర్టు ఆదేశంతో మొదలైందే. పిల్లలు వద్దనుకుని చేయించుకున్న ఆపరేషన్ వికటిస్తే పరిహారం దొరుకుతుంది. పిల్లలు కావాలనుకుని చేయించుకున్న కాన్పు వికటిస్తే కోర్టుకెళ్లమంటున్నాం.

జపాన్ 2009లో కాన్పులకు సరిగ్గా ఇలాంటి పథకమే పెట్టింది. కాన్పుతో ముడిపడి తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ వచ్చిన బిడ్డకు మొత్తం 3 కోట్ల యెన్‌లు ఇస్తారు. మొదట 60 లక్షలు, ఆ తర్వాత ఏటా 12 లక్షల చొప్పున 20 ఏళ్లు. బిడ్డ పెరుగుతుంటే డబ్బు వెంట వస్తూ ఉంటుంది. ఏటా స్ప్లింట్లు మార్చే నాలాంటివాళ్లకు ఆ పద్ధతి విలువ వెంటనే తెలుస్తుంది. ఒక్కసారి చేతికొచ్చిన పెద్ద మొత్తం పల్లెల్లో ఏమవుతుందో చూశాను. పాత అప్పులు మింగుతాయి, అక్క పెళ్లి వస్తుంది, బంధువులు చేబదులు అడుగుతారు. జపాన్‌లో ప్రతి కాన్పుకీ ఆసుపత్రి కొంత ప్రీమియం కడుతుంది. ఆ భారం తల్లి మీద పడకుండా కాన్పుకు ప్రభుత్వ బీమా ఇచ్చే సాయంలో దాన్ని కలిపారు. దాదాపు అన్ని ఆసుపత్రులూ చేరాయి.

తప్పుతో పని లేకుండా డబ్బిస్తే డాక్టర్లకు భయం పోతుందని కొందరు అంటారు. ఆ భయం ఇప్పుడు మాత్రం ఏం చేస్తోంది? రికార్డు దిద్దిస్తోంది, నోరు కట్టేస్తోంది. జపాన్ పథకంలో పరిహారం పొందిన ప్రతి కేసునూ నిపుణులు విడిగా పరిశీలిస్తారు. ఏం జరిగిందో, మళ్లీ జరగకుండా ఏం చేయాలో రాసి తల్లిదండ్రులకూ ఆసుపత్రికీ ఇస్తారు. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది డబ్బు కంటే ముందు అడిగేది ఆ కాగితమే. ఏం జరిగిందో ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకా వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం మాత్రకు బదులు ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్ర ఇచ్చారు. పసిప్రాణాలు పోయాయి, ఎంతోమంది పిల్లల్ని నిలోఫర్ ఆసుపత్రికి పరుగున తీసుకెళ్లారు. పెట్టెలు మారే వీలు ఎక్కడుందో వెతకకుండా సిబ్బందిలో ఒకరిద్దర్ని శిక్షించి ఊరుకుంటే, రేపు ఇంకో కేంద్రంలో ఇంకో పెట్టె మారుతుంది.

డబ్బెక్కడిదంటారు. ప్రైవేటు కాన్పు ఒక్కొక్కదాని మీద ఆసుపత్రి నుంచి చిన్న మొత్తం, ప్రభుత్వ కాన్పులకు ఖజానా నుంచి అంతే మొత్తం వేసి రెండు తెలుగు రాష్ట్రాలూ చెరో నిధి పెట్టొచ్చు. బిడ్డను పరీక్షించి తీవ్రత తేల్చడానికి జిల్లాల్లో పిల్లల సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. సదరం వైద్యులు ఉన్నారు. చెల్లింపు ఏటా జరగాలి, ధరలతో పాటు పెరగాలి, తల్లి చేసే చాకిరీకి విడిగా భాగం ఉండాలి. ప్రైవేటు ఆసుపత్రి, ప్రభుత్వ ఆసుపత్రి అన్న తేడా ఉండకూడదు. నిధి వచ్చేదాకా ఆగాల్సిన పని లేనిది, పైసా ఖర్చు లేనిది ఒకటుంది. కాన్పు రికార్డును, పసిబిడ్డ రికార్డును 3 ఏళ్లతో వదిలేయకుండా ఆ బిడ్డకు మైనారిటీ తీరేదాకా ఉంచాలని నియమం మార్చండి. కంప్యూటర్లు లేని ఆసుపత్రి ఇప్పుడు ఎక్కడుంది?

ఈలోగా ఇది చదివే తల్లిదండ్రులకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. పిల్లలకు, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగొచ్చు. పర్మనెంట్ లోక్ అదాలత్‌లు ఆసుపత్రి సేవల వివాదాల్ని కూడా తీసుకుంటాయి, కోటి రూపాయల దాకా. కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదరకపోతే అవే తీర్పు చెప్పొచ్చు. అయితే వేరే కోర్టుకు వెళ్లకముందే అక్కడ దరఖాస్తు చేయాలి. బిడ్డ నెల తక్కువగా పుడితే 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష చేశారా అని మీరే అడగండి. పుట్టగానే ఏడవలేదన్నా, బాక్సులో పెట్టారన్నా, బిడ్డ బాగానే కనిపిస్తున్నా సరే, కేస్ షీటు నకలు కావాలని డిశ్చార్జి రోజే కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా అడగొద్దు. అందినట్టు తేదీతో ముద్ర వేయించుకోండి.